బోరు నీళ్లకు తట్టుకునే బట్టల సబ్బు: బజ్జీల నూనెతో ఇంట్లోనే

మాది నల్గొండలో మిర్చి బజ్జీల బండి. సాయంత్రం ఐదింటికి పొయ్యి ముట్టిస్తే రాత్రి తొమ్మిదిన్నరకు బందు. అప్పటికి మూకుడు అడుగున లీటరు దాకా నూనె మిగులుతుంది. మర్నాడు కూడా దాంట్లోనే కాల్చామంటే తిన్నోళ్ల గొంతు పట్టుకుంటుంది, పైగా కాగి కాగి పుట్టే చెడు పదార్థాలు 25 శాతం దాటిన నూనె వంటకు వాడొద్దని ప్రభుత్వం 2018 నుంచే రూలు పెట్టింది. మోరీలో పోస్తే చలికాలం గడ్డకట్టి మోరీ నిండుతుంది. సబ్బు చేద్దామని మొదలుపెట్టింది ఆ నూనె వదిలించుకోవడానికే. చేస్తూ ఉంటే తెలిసిందేమిటంటే, మన దిక్కు సబ్బును బట్టల మురికికన్నా ముందు బోరు నీళ్లే తినేస్తాయి. అందుకే వేరే ఊళ్ల కొలతలు చూసి చేసినోళ్లు "నురగ రాదు, బట్టలు తెల్లబడవు" అని మధ్యలో వదిలేస్తారు. సబ్బు బాగానే కుదిరి ఉంటుంది. దాన్ని వాడే తీరే వేరు.

ఒక మాట ముందే చెప్తాను. మీ ఇంట్లో వాడిన నూనె మిగలకపోతే, కొత్త నూనె కొని మరీ బట్టల సబ్బు చేయకండి. కొబ్బరి నూనె ధర చూస్తే దుకాణంలో బిళ్లే అగ్గువ పడుతుంది. బండి, టిఫిన్ సెంటర్, కర్రీ పాయింట్ ఉన్నోళ్లకు, పండగకు సకినాలు, గారెలు చేసి నూనె మిగిలినోళ్లకు ఇది పనికొచ్చే పని.

ముందు మీ నీళ్ల సంగతి

రెండు ఖాళీ నీళ్ల సీసాలు తీసుకోండి. ఒకదాంట్లో సగం దాకా బోరు నీళ్లు, ఇంకోదాంట్లో ఫిల్టర్ క్యాను నీళ్లు పోయండి. ఒంటి సబ్బును చాకుతో గీకి, చిటికెడు చొప్పున రెండింట్లో వేసి, మూత పెట్టి ఇరవై సార్లు ఊపండి. బట్టల బిళ్ల వేయకండి. దుకాణంలో దొరికే నీలి బిళ్లలు చాలావరకు డిటర్జెంట్లు, అవి బోరు నీళ్లలో కూడా నురగ ఇస్తాయి కాబట్టి తేడా తెలియదు. క్యాను నీళ్ల సీసాలో నురగ మెడ దాకా నిలబడుతుంది. బోరు నీళ్ల సీసాలో నురగ లేచి లేవకుండానే చచ్చిపోయి, విరిగిన పాల మాదిరి తెల్లని తునకలు తేలితే మీ నీళ్లు గట్టి నీళ్లన్నట్టు.

ఆ తునకలు సబ్బే. నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం దాన్ని పట్టుకుని కరగని జిడ్డుగా మార్చేశాయి. బకెట్ అంచుకు గీతలాగా అంటుకునేది, తెల్ల బనియన్‌ను బూడిద రంగుకు దింపేది అదే.

ఎంత సబ్బు ఇట్లా పోతుందో ఒక్కసారి లెక్క వేద్దాం. తాగే నీళ్ల కాఠిన్యం, అంటే ఆ గట్టిదనం, లీటరుకు 200 మిల్లీగ్రాములకు మించకుండా ఉంటే మంచిదని, వేరే దిక్కు లేకపోతే 600 దాకా సర్దుకోవచ్చని భారతీయ ప్రమాణం చెప్తుంది. మీ బోరు నీళ్లు 500 అనుకోండి. 15 లీటర్ల బకెట్‌లో ఏడున్నర గ్రాముల సున్నపురాయికి సమానమైన కాఠిన్యం ఉన్నట్టు. దాన్ని తీర్చడానికే దాదాపు 45 గ్రాముల సబ్బు ఖర్చవుతుంది, మీ బట్టల మీదికి ఇంకా రాకముందే. అదే పని 8 గ్రాముల బట్టల సోడా (వాషింగ్ సోడా) చేసేస్తుంది. సబ్బుకన్నా సోడా ఎంత అగ్గువో మీకు తెలుసు. ఈ పద్ధతి మొత్తానికి గుట్టు ఇదే: నీళ్లతో కొట్లాడే పని సోడాకు, మురికితో కొట్లాడే పని సబ్బుకు.

పాతకాలపు సాకలోళ్లకు ఇది తెలియక కాదు. వాళ్లు సౌడు నేల మీద తెల్లగా పేరుకున్న మట్టి తెచ్చి, దాని తేటలో బట్టలు నానేసి బానలో ఉడకేసేవాళ్లు. సౌడులో ఉన్నది చాలావరకు ఈ సోడానే. పుట్టపాకలో తేలియా రుమాలు నేసేటోళ్లు ఇప్పటికీ ఆముదపు కాయల పొట్టు కాల్చిన బూడిద నీళ్లలో, నూనెలో నూలును రోజుల తరబడి పిసుకుతారు. నూనె, క్షారం కలిస్తే సబ్బవుతుందన్నది మన ఉమ్మడి జిల్లాకు కొత్త సంగతి కాదు.

బట్టల సోడా కిరాణంలో దొరుకుతుంది. వంట సోడా వేరు, అది ఈ పనికి చాలదు. బట్టల సోడా దొరక్కపోతే వంట సోడాను ఇనుప పెనం మీద సన్నని మంటకు వేయించుకోవచ్చు. పొడి మొదట మరుగుతున్నట్టు బుడబుడలాడుతుంది, లోపలి నుంచి ఆవిరి, గ్యాసు పోతున్నట్టు. కదుపుతూ ఉండండి. ఆ ఆట ఆగిపోయాక ఇంకో పది నిమిషాలు ఉంచి దించండి. 100 గ్రాములు వేయిస్తే 63 గ్రాములకు వస్తుంది. తూచి చూసుకుంటే వేగిందో లేదో అక్కడే తెలిసిపోతుంది.

కావలసినవి

ఒక్క విడతకు వాడిన మంచినూనె 600 గ్రాములు (పల్లినూనె, పొద్దుతిరుగుడు, పామాయిల్ ఏదైనా), కొబ్బరి నూనె 300 గ్రాములు, ఆముదం 100 గ్రాములు, కాస్టిక్ సోడా (నూనెను సబ్బుగా మార్చే ఘాటు క్షారం) 145 గ్రాములు, ఫిల్టర్ నీళ్లు 350 గ్రాములు.

అన్నీ గ్రాములే, చూశారా. గ్లాసులు, లీటర్లు ఇక్కడ పనికిరావు. లీటరు నూనె కిలో తూగదు, 910 గ్రాముల చుట్టూ ఉంటుంది. ఆ 90 గ్రాముల తేడాకే సబ్బు చేతులు కాల్చే సబ్బవుతుంది. ఒక్క గ్రాము తేడా చూపే చిన్న డిజిటల్ కాంటా తప్పకుండా ఉండాలి. మా పక్కింటి అక్క "చెయ్యి తూకం చాలదా" అన్నది. కూరకు చాలుతుంది, కాస్టిక్‌కు చాలదు.

కొబ్బరి నూనె ఎందుకంటే బిళ్ల గట్టిపడటానికి, మురికి తీయడానికి. ఆముదం నురగను నిలబెడుతుంది. పాలమూరు, నల్గొండ ఆముదం పండే నేలలే కాబట్టి గానుగ దగ్గర అడిగితే దొరుకుతుంది. కానుగ నూనెతో కూడా సబ్బు అవుతుంది గానీ ఆ వాసన బట్టలకు పట్టుకుంటే వదలదు, నేను మానేశాను.

నూనెల పాళ్లు మీ ఇష్టంగా మార్చకండి. ఒక్కో నూనె తినే కాస్టిక్ వేరు. 100 గ్రాముల కొబ్బరి నూనెకు 18 గ్రాముల పైచిలుకు, పామాయిల్‌కు 14, పల్లి, పొద్దుతిరుగుడు నూనెలకు పదమూడున్నర, ఆముదానికి 13 కన్నా కొంచెం తక్కువ పడుతుంది. ఈ లెక్కన మన వెయ్యి గ్రాముల నూనెకు దాదాపు 149 గ్రాములు రావాలి. మనం వేసేది 145. చివరికి కొంచెం నూనె మిగిలినా ఫరవాలేదు, కాస్టిక్ మాత్రం మిగలకూడదు.

కాస్టిక్ సోడా కెమికల్ దుకాణాల్లో, ఫినాయిల్ సామాన్లు అమ్మే చోట పెచ్చుల్లాగా దొరుకుతుంది. సీలు ఉన్న ప్యాకెట్టే తీసుకోండి. మూత తీసి ఉంచితే గాలిలో తేమ తాగి తడితడిగా అయి బలం పోతుంది, అప్పుడు మీ తూకం తప్పు. మోరీలు, సింకులు సాఫు చేసే పొడి తెచ్చి వేయకండి. దాంట్లో వేరే వేరే కలుపుతారు.

గిన్నెలు స్టీలువి, లేకపోతే మందపాటి ప్లాస్టిక్ బకెట్లు. సిల్వర్ గిన్నె అని మనం పిలిచే అల్యూమినియం గిన్నె మాత్రం వద్దే వద్దు. నేను మొదటిసారి చేసిన తప్పు అదే. మా అత్తమ్మ పప్పు వండే సిల్వర్ గిన్నెలో కాస్టిక్ నీళ్లు పోశాను. నిమిషంలో బుసబుసా పొంగి, నీళ్లు నల్లబడి, ఘాటు ఆవిరి లేచింది. గిన్నె వేడికి చెయ్యి పెట్టలేకపోయాను. మర్నాడు వెలుతురుకు ఎత్తి చూస్తే అడుగున సూది బెజ్జాలు. అల్యూమినియాన్ని కాస్టిక్ తినేస్తూ హైడ్రోజన్ గ్యాసు వదులుతుంది, పక్కన పొయ్యి ఉంటే అంటుకుంటుంది కూడా. అత్తమ్మ ఏమీ అనలేదు. "ఇగ జల్లెడకు పనికొస్తదిలే" అన్నది, అంతే.

నూనె కడగడం

బండి నూనెలో పిండి తునకలు, ఉప్పు, కారం అన్నీ ఉంటాయి. వాటితో సబ్బు చేస్తే వారానికే ముక్కవాసన వస్తుంది. ముందు పాత నూలు బట్టలో వడగట్టండి. తర్వాత నూనె ఎంత ఉంటే అన్ని నీళ్లు, ఒక చెంచా ఉప్పు కలిపి స్టీలు గిన్నెలో పావుగంట సన్నగా మరగనివ్వండి. దగ్గరే ఉండండి, నీళ్లు, నూనె కలిసి మరిగేటప్పుడు చిల్లుతుంది. దించి రాత్రంతా కదపకుండా ఉంచితే మసాలా రంగు, మడ్డి నీళ్లలోకి దిగుతాయి, నూనె పైన తేరుకుంటుంది. గరిటెతో పైపైన నూనె తీసి, మళ్లీ వేడి చేసి చిటపటలు ఆగేదాకా నీళ్లు ఇగరబెట్టండి. తూకం ఇప్పుడు వేయాలి, కడగక ముందు కాదు.

కాస్టిక్ కలిపే పూట

ఇది తొందర లేని రోజు పెట్టుకోండి. పిల్లలు బడికి పోయినంక, కోళ్లు, కుక్క దగ్గరికి రాకుండా, ఆరుబయట. గాలి మీ వెనక నుంచి వీచేటట్టు నిలబడండి. మన ఎండాకాలం మధ్యాహ్నం వద్దు, పొద్దున్నే మేలు. చేతులకు రబ్బరు గ్లౌజులు, కళ్లకు అద్దాలు, నిండు చేతుల అంగీ, కాళ్లకు బూట్లు. చెప్పులతో చేస్తే ఒక్క చుక్క కాలివేళ్ల మధ్య పడిందంటే పుండే.

350 గ్రాముల ఫిల్టర్ నీళ్లు స్టీలు గిన్నెలో పోసి, దాంట్లోకి కాస్టిక్‌ను కొంచెం కొంచెం వేస్తూ కలపండి. నీళ్లలోకి కాస్టిక్, గుర్తుంచుకోండి. కాస్టిక్ మీద నీళ్లు పోస్తే ఒక్కసారి మరిగి మొహం మీదికి చిమ్ముతుంది. పొయ్యి లేకుండానే గిన్నె సలసల కాగినట్టవుతుంది, మొదటి రెండు నిమిషాలు ఆవిరి గొంతు గీరుతుంది, మొహం పక్కకు పెట్టుకోండి. తేటపడ్డాక మూత వేసి పిల్లలకు అందని చోట చల్లారనివ్వండి. బోరు నీళ్లు వాడితే ఈ దశలోనే తెల్లగా మడ్డి దిగుతుంది, అందుకే క్యాను నీళ్లు.

ఒంటి మీద పడితే పారే నల్లా కింద కనీసం పావుగంట పట్టండి. నిమ్మరసం, వెనిగర్ రుద్దకండి. కంట్లో పడితే నీళ్లతో కడుగుతూనే ఆసుపత్రికి బయలుదేరండి. ఎవరైనా మింగితే వాంతి చేయించొద్దు, నేరుగా డాక్టరు దగ్గరికే. ఖాళీ కూల్‌డ్రింక్ సీసాల్లో కాస్టిక్ నీళ్లు దాచే అలవాటు కొందరికి ఉంటుంది. అంత పాపిష్టి పని ఇంకోటి లేదు.

కలపడం

నూనెలు మూడూ పెద్ద గిన్నెలో కలిపి గోరువెచ్చగా చేయండి. డిసెంబర్‌లో కొబ్బరి నూనె గడ్డకట్టి ఉంటే ముందే కరగాలి. కాస్టిక్ నీళ్ల గిన్నెను బయటి నుంచి ముట్టుకుంటే అదీ గోరువెచ్చగా ఉండాలి. అప్పుడు నూనెలోకి సన్నని ధారగా పోస్తూ కలపండి.

చెక్క కవ్వంతో చిలికితే ముప్పావుగంట, గంట పడుతుంది. వాడిన నూనె, ఆముదం ఉన్నాయి కాబట్టి ఒక్కోసారి తొందరగానే అవుతుంది. చేతి బ్లెండర్ ఉంటే ఐదు పది నిమిషాల పని, ఆపుతూ నడపండి. ఆ కవ్వం మళ్లీ మజ్జిగకు వాడకూడదు, సబ్బుకే ఉంచేయండి. మొదట తేనె రంగు నూనె, పది నిమిషాలకు పాలు పోసిన చాయ్ రంగు. తర్వాత గట్టిపడుతూ గంజిలాగా, అంబలిలాగా వస్తుంది. కవ్వం ఎత్తి పైన ధార వదలండి. ధార గీత మునిగిపోకుండా ఒక క్షణం పైన నిలబడితే అయిపోయినట్టు. అంతకుముందే ఆపితే అచ్చులో నూనె పైకి తేలుతుంది. వాసనకు నిమ్మగడ్డి నూనె ఒకటి రెండు చెంచాలు ఇప్పుడే కలుపుకోవచ్చు, నేను వేస్తాను, బజ్జీల వాసన పూర్తిగా పోదు మరి.

అచ్చుకు ప్లాస్టిక్ కవరు పరిచిన అట్టపెట్టె చాలు. పోసి, నేల మీద రెండుసార్లు తట్టి, పాత తువ్వాల కప్పండి. రాత్రికి దానంతటదే వేడెక్కుతుంది, భయపడకండి. ఒక రోజు తర్వాత, వేలు వేస్తే గుంట పడకుండా జున్నుగడ్డలా ఉంటే గ్లౌజులు వేసుకునే కోయండి. రెండు రోజులు ఆగితే కొబ్బరి నూనె వల్ల గట్టిపడి చాకు దిగేటప్పుడు పెచ్చులు లేస్తుంది. 1,500 గ్రాములకు కొంచెం తక్కువగా దిగుతుంది, ఒక డజను బిళ్లలు.

ఇంకో నాలుగు వారాలు నీడలో, గాలి ఆడే చోట, ఒకదానికొకటి తగలకుండా పేర్చి ఉంచాలి. ఎండలో పెట్టకండి. వానాకాలం బిళ్లకు చెమట పడుతుంది, ఫ్యాన్ కింద పెట్టండి. చాలామంది ఈ నాలుగు వారాలు ఓపిక పట్టరు. కోసిన మర్నాడే రుద్ది, "చేతులు మండుతున్నాయి" అంటారు.

అయిందో లేదో చూడటానికి పసుపు పెట్టి ఎర్రబడితే కాస్టిక్ ఉన్నట్టని ఒక మాట తిరుగుతుంది. నమ్మకండి. పసుపు మంచి సబ్బుకు కూడా ఎర్రబడుతుంది. పసుపు మరక మీద సబ్బు రుద్దితే ఎర్రగా తిరిగేది మీరు చూసే ఉంటారు. పీహెచ్ కాగితం (క్షారం ఎంతుందో రంగుతో చూపేది) తెచ్చి తడిపిన బిళ్ల మీద పెట్టండి. 9, 10 ఉంటే సరి. 11 దాటితే ఇంకో రెండు వారాలు ఆగండి. అప్పటికీ తగ్గకపోయినా, బిళ్ల మధ్యలో తెల్లని గట్టి చుక్కలు, తడి గుంటలు కనిపించినా అది సరిగా కలవని కాస్టిక్. ఆ విడతను తురిమి, కొంచెం నీళ్లతో స్టీలు గిన్నెలో సన్నని మంట మీద కరిగించి మళ్లీ పోయాలి. పైన పొడిగా సున్నంలా పూత వస్తే మాత్రం గాలికి వచ్చిన సోడా, గీకేస్తే పోతుంది.

ఉతికే తీరు

బకెట్ బోరు నీళ్లలో ముందు బట్టల సోడా రెండు టీస్పూన్లు, దాదాపు 10 గ్రాములు, వేసి కలిపి పది నిమిషాలు ఆగండి. నీళ్లు కొంచెం మసకబారతాయి. కాల్షియం దిగిపోతున్నట్టు. అప్పుడు బట్టలు ముంచి, అరగంట నానబెట్టి, బండ మీద సబ్బు రుద్దండి. మా ఇంట్లో బిళ్ల మూడు వారాలు వస్తుంది, సోడా వేయని రోజుల్లో పది రోజులకే అయిపోయేది. మిషన్ భగీరథ పథకం నల్లా వచ్చే ఊళ్లలో చివరి జాడింపు ఆ నీళ్లతో చేయండి, సోడా సగానికి తగ్గించండి. వాషింగ్ మెషిన్ ఉన్నోళ్లు బిళ్లను సన్నగా తురిమి వేడి నీళ్లలో కరిగించి పోయాలి. చల్ల నీళ్లలో తురుము ముద్దలై గొట్టాల్లో ఇరుక్కుంటుంది.

పట్టు మీద, ఉన్ని మీద ఈ సబ్బు, సోడా రెండూ వద్దు. గద్వాల చీర ఒంటి భాగం నూలే అయినా అంచు, కొంగు పట్టు కాబట్టి దానికీ వద్దు. వాటికి కుంకుడు రసమే. గింజ తీసిన కాయలు 100 గ్రాములు రాత్రి లీటరు నీళ్లలో నానేసి, పొద్దున్నే ఒక పొంగు రానిచ్చి, పిసికి వడగట్టండి. కుంకుడుకు కాల్షియంతో పేచీ లేదు, బోరు నీళ్లలోనూ పనిచేస్తుంది. తెల్ల బట్టలకు మాత్రం లేత గోధుమ చాయ ఇస్తుంది. రెండు రోజులకు మించి నిలవ ఉండదు.

ఉతికిన నీళ్లు ఎక్కడ పోస్తారో కూడా చూసుకోండి. సోడాలోని సోడియం నేలలో చేరితే మట్టి బిగుసుకుపోయి నీళ్లు ఇంకవు, సౌడు నేల తయారయ్యేది అట్లాగే. మా వెనక వాకిట్లో కల్యామాకు చెట్టు మొదట్లో మొదటి ఏడు నేను రోజూ ఆ బకెట్టే ఒంపాను. రెండో ఎండాకాలానికి ఆకు అంచులు మాడి, చెట్టు మోడయింది. ఇప్పుడు మొదటి నీళ్లు మోరీకి, జాడించిన ఆఖరి నీళ్లు మాత్రమే చెట్లకు.